చెయ్యంత ముక్క

ఫిబ్రవరి 9

మామయ్యా,

ఈ ఉత్తరం చూడగానే "బంకకి ఏదో పని పడింది" అంటావు. నిజమే, పడింది. అయినా ముందు అత్త మోకాళ్ల సంగతి రాయి. నొప్పి తగ్గిందా, డాక్టరు దగ్గరికి వెళ్లనని ఇంకా మొండికేస్తోందా? ఫోను చేస్తే తనేమో "అంతా బాగే" అంటుంది. నీకేమో అద్దాలు అరగదీసే మిషన్ పుణ్యమా అని ఫోనులో మాట వినపడదు. అత్త చేత చెప్పిద్దామంటే నేను అన్నది ఒకటి, నీ చెవిన పడేది ఇంకొకటి. మనిద్దరికీ ఉత్తరాలే గతి.

ఇక పని. నేను చేసిన జిగురు ఫిల్ముకి కంపెనీ పేటెంటు అడిగిందని పోయినేడు రాశాను కదా. జవాబు వచ్చింది. ఎగ్జామినర్ ఒప్పుకోలేదు. అద్దంలా తేటగా ఉండే పాలీయురెథేన్ జిగురు ఫిల్ములు లోకంలో ఇప్పటికే ఉన్నాయట. ఒకరు ఒక మెత్తటి సరుకుతో చేశారు, ఇంకొకరు ఇంకోదానితో చేశారు, ఆ రెండూ కలపడం ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టే సంగతేనట. చదివితే ఒళ్లు మండింది. ఆ రెండూ కలిపితే పాలలా తెల్లబడుతుంది మామయ్యా, అందుకే ఎవరూ కలపరు. మాకు ఒకరోజు చల్లబరిచే మిషన్ పాడై, ఫిల్ము దానంతటది మెల్లగా చల్లారింది. వెళ్లి చూస్తే నీళ్లలా తేరుకుని ఉంది. అలా అవుతుందని నేనే అనుకోలేదు, ఇంకెవరికి తడుతుంది?

మా పేటెంటు పనులు చూసే లాయరమ్మ విడమరిచి చెప్పింది. పేటెంటు రావాలంటే వస్తువు కొత్తదై ఉండాలి, ఇట్టే తట్టనిదై ఉండాలి. కొత్తదేనని వాళ్లు ఒప్పుకున్నారు. రెండోది మనం రుజువు చెయ్యాలి. ఓవెన్లో కాకుండా అసలైన ఎండలో ఏళ్ల తరబడి ఉండి కూడా పసుపుపచ్చబడని ముక్క ఒకటి చూపిస్తే, ఎవరూ ఊహించని ఫలితమని ఒప్పుకుంటారట. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. రెండేళ్ల కిందట పరీక్షకని నీకో ఫిల్ము చుట్ట పంపాను కదా, రెండు అద్దాల మధ్య అతికించి మేడ మీద పెట్టమని. ఉందా అది? ఎలా ఉంది?

ఇది వస్తే నా పేరు మీద మొదటి పేటెంటు. రాకపోతే మా విభాగం మూసేసి మమ్మల్ని తలో మూలకీ తోస్తామని పెద్దసారు చెప్పేశారు. పెద్దసారంటే మా విభాగానికి పెద్ద, మనిషి మాత్రం నా భుజం దాకా వస్తాడు. త్వరగా రాయి.

నీ బంక

ఫిబ్రవరి 15

అమ్మా బంకా,

చిన్నప్పుడు నా కాలు పట్టుకుని వేలాడుతుంటే నీకు ఆ పేరు పెట్టింది నేనే. పెద్దయ్యాక జిగురే నీ బతుకుతెరువు అవుతుందని కలగన్నానా? మీ అత్త మోకాళ్లు అలాగే ఉన్నాయి. మెట్లెక్కదు, వీధి దాటదు. పొద్దున్నే కొట్టు ముందర అద్దం పక్కన కుర్చీ వేసుకుందంటే సాయంత్రం దాకా వీధే ఆవిడకి సినిమా.

ఆ సినిమా తెర ఏమిటనుకున్నావు? నీ ఫిల్మే. మేడ మీద పెట్టమన్నావు గానీ అక్కడ సగం రోజు నీళ్ల ట్యాంకు నీడ. సరిగ్గా అప్పుడే లారీ టైరు కింద రాయి ఎగిరి కొట్టు ముందరి అద్దం నెర్రె విచ్చింది. ఎండ కావాలంటే ఆ చోటుని మించింది ఉందా? పైగా దుమ్ము, వాన, లారీల అదురు అదనం. కొత్త అద్దాలు రెండు కోసి, మధ్యలో నీ ఫిల్ము పరిచి, వేడి పట్టించి, గాలి బుడగ ఒక్కటి లేకుండా అతికించి బిగించాను. నీ పార్సిలు అందిన వారంలోనే. ఇప్పటికీ పచ్చబడలేదు. అంచు మీద కన్ను పెట్టి చూడమని నీకు నేర్పానే, అలా చూసినా మబ్బు లేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన తలుపు తీసే ఉందనుకుని నేరుగా నడిచొచ్చి ముక్కు పగలగొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆయన ముక్కు మాస్టారు. కోపం లేదు సరికదా, "అక్కడ అద్దం ఉందంటే నమ్మరు" అని ఆయనే ఊరంతా చెప్పుకుంటాడు.

మా అద్దాల పనివాళ్ల పద్ధతి నీకు తెలిసిందే. ఎవరికి కొత్త సరుకు దొరికినా చెయ్యంత ముక్కలు కోసి తోటి కొట్లకి తలా ఒకటి ఇవ్వాలి. ఒకడి దగ్గరే ఉన్నది ఎవరి దగ్గరా లేనట్టే అనేవాడు నాకు పని నేర్పినాయన. నీ ఫిల్మూ అలాగే పంచాను. గోడగడియారాలాయన గడియారం అద్దానికి వేశాడు. చేపల తొట్టెలు చేసేవాడు తొట్టెకి వేశాడు. మా మేనకోడలు చేసిందని ప్రతివాడికీ చెప్పి మరీ ఇచ్చాను. ఇంకా సగం చుట్ట మీ అత్త మంచం కింద ఉంది.

నీ ఎగ్జామినర్ గారిని ఇటు పంపు. ముక్కు జాగ్రత్త అని చెప్పి పంపు.

మామయ్య

ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ ఉత్తరం అందింది. మేడ మీద పెట్టమంటే మేడ మీద పెట్టాలి కదా. ఆ ఒక్కమాట ఎందుకు వినలేదు?

పేటెంటుకి దరఖాస్తు చేసిన తేదీ ఒకటి ఉంటుంది. వస్తువు అంతకుముందే లోకంలోకి వచ్చేసి ఉంటే అది ఇక కొత్తది కాదు. ఎవరు బయటపెట్టారన్నదానితో పనిలేదు. సొంతవాళ్ల వల్ల బయటపడితే కొన్నాళ్లు గడువిస్తారు గానీ, మేము దరఖాస్తు చేసేసరికే అది దాటిపోయింది. ఇంటి మేడ మీద మన పరీక్ష మనం చేసుకుంటే గుట్టుగా ఉన్నట్టే లెక్క. కొట్టు ముందర అలా కాదు. అద్దం చూసినంత మాత్రాన లోపలేముందో తెలియదని వాదించవచ్చేమో. కానీ నువ్వు ముక్కలు పంచావు. ఎవరికీ చెప్పొద్దన్న షరతు లేకుండా ఒక్కరి చేతికిచ్చినా చాలు, ఆయన దాన్ని పట్టుకెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు. చేయించాడా లేదా అని ఎవరూ అడగరు.

ఇప్పుడు చూడు నా పరిస్థితి. ఇట్టే తట్టనిదని రుజువు చెయ్యడానికి ఆ అద్దం కావాలి. దాన్ని చూపిస్తే కొత్తది కాదని కూడా రుజువైపోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా ఉంది.

లాయరమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు ఆ అద్దం ఎవరికీ చూపించకు. దాని ఊసెత్తకు. నేను చేశానని ఎక్కడా అనకు. 

బంక

ఫిబ్రవరి 27

బంకకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను, మీ అత్తకి ఒకసారి వినిపించాను. అద్దం ఎక్కడ బిగించాలో నాకు ఇంకొకరు చెప్పి చాలా ఏళ్లయింది. పోనీలే, చెప్పింది నువ్వే కదా అని మింగేశాను. మింగుడుపడనిది ఒక్కటే. "నేను చేశానని ఎక్కడా అనకు" అన్నావు. అద్దాలు కోసుకునేవాడు నలుగురిలో నా మేనకోడలు అనడం నీకు నామోషీ అయితే అదే రాయొచ్చు. తేదీలూ గడువులూ దేనికి?

నా బుర్రకి తోచిన న్యాయం చెప్పనా? చాటున పెట్టిన వస్తువు నీదని ఎవరికి తెలుస్తుంది? రేపు ఎవడో వచ్చి నాదే అంటే, కాదు ఇది ఫలానా వాళ్లమ్మాయిది, రెండేళ్లుగా మా కళ్లెదుట ఉందని వీధి వీధంతా చెబుతుంది. పదిమందీ చూసినదాన్నే కదా నీదని ఒప్పుకునేది. మీ దగ్గర పదిమందీ చూస్తే నీది కాకుండా పోతుందట. తలకిందులుగా ఉంది వ్యవహారం.

మీ అత్త గోల ఇంకొకటి. ఆ ఫిల్ములో విషమేదో ఉండి ఉంటుంది, పైకి చెప్పలేక తేదీ గీదీ అని రాసింది అంటోంది. ఆవిడకి నాలుగు రోజులుగా దగ్గు. కుర్చీ వెనక్కి జరుపుకుంది.

అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. అద్దానికి మందపాటి పరదా కట్టాను. పట్టపగలే దీపం పెట్టుకుని అద్దాలు కోస్తున్నాను. ఇచ్చిన ముక్కలు వెనక్కి తెచ్చుకుందామని కూడా బయల్దేరాను. ఇచ్చిన ముక్క వెనక్కి అడిగినవాడు మా వాళ్లలో ఇంతవరకు లేడు. గడియారాలాయన ఒక్కమాట అనకుండా గడియారం విప్పి ఇచ్చేశాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తొట్టెలవాడు "నీళ్లు తీస్తే చేపలు చస్తాయి, అయినా నువ్వడిగావు కాబట్టి తీస్తా" అన్నాడు. వద్దని తిరిగొచ్చాను. ఇప్పుడు ఊరంతా ఒకటే గుసగుస, ఆ ఫిల్ములో ఏముందో, ఎందుకు దాస్తున్నాడో అని. ముక్కు మాస్టారు రోజూ వచ్చి పరదా సందులోంచి తొంగి చూసి పోతున్నాడు. ఇదివరకు పదిమందికి తెలిస్తే ఇప్పుడు వందమందికి తెలిసింది.

ఇంకేం చెయ్యాలో రాయి. చేస్తాను. ఎందుకని అడగను.

మామయ్య

మార్చి 5

మామయ్యా,

నామోషీ అన్నమాట నీ చేతిరాతలో చూసి నాకు ఏడుపొచ్చింది. అంచు మీద కన్ను పెట్టి చూడటం నువ్వు నేర్పకపోతే ఆ రోజు పాడైన మిషన్లోంచి వచ్చిన ఫిల్ముని అందరిలాగే చెత్తబుట్టలో వేసేదాన్ని. నాకు నువ్వంటే నామోషీ ఏమిటి? కోపంలో ఏదో రాశాను, మనసులో పెట్టుకోకు.

అత్తకి చెప్పు, అందులో విషం లేదు. ఎండకి పచ్చబడే రకం సరుకు కూడా లేదు. దగ్గు ఆ పరదా దుమ్ముకి వచ్చి ఉంటుంది.

ఇక్కడ సంగతి పాడుగా ఉంది. పెద్దసారుకి చెప్పాను. కొట్టు ముందర అనగానే తలుపు వేసి, "చుట్ట పంపినప్పుడు రిజిస్టర్లో మేడ మీద పరీక్ష అనే రాశారు కదా, అదే నిజం" అన్నారు. కాదు సార్ అన్నాను. "ఎవరొచ్చి చూస్తారండీ? మీ మామయ్యగారు ఒక సంతకం పెడితే సరి. మేడ మీదే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు, అంతే" అన్నారు. నేను మాట్లాడలేదు. ఒప్పుకున్నాననుకున్నట్టున్నారు. బయటికొస్తే మా విభాగంలో మిగతావాళ్లు నా మొహం వైపే చూస్తున్నారు. నా ఒక్కదాని పేరు కోసమైతే తేల్చుకునేదాన్ని. వాళ్ల గతి కూడా ఈ కాగితం మీదే ఆధారపడి ఉంది.

నిన్న ఇంటికి నడిచొస్తూ ఒకటే అనుకున్నాను మామయ్యా. ఆ అద్దం అసలు లేకపోతే ఎంత బాగుండేదో. ఇంత తేటగా ఉండకుండా కాస్త పచ్చబడి ఉన్నా దాని సంగతే ఎత్తేదాన్ని కాదు.

నాకు రెండు రోజులు ఆలోచించుకోనివ్వు. మళ్లీ రాస్తాను.

బంక

మార్చి 8

మామయ్యా,

ఇవాళ లాయరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. కొట్టు ముందర అద్దం, పంచిన ముక్కలు, ముక్కు మాస్టారి ముక్కుతో సహా. ఆవిడ రాసుకోవడం ఆపి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "ఇది నాకు మొదటి రోజే చెప్పాల్సింది" అంది. మొదటి రోజు నాకే తెలియదని చెప్పాను. నమ్మింది.

అబద్ధం మీద తెచ్చుకున్న పేటెంటు గాలిమేడేనట. రేపు పోటీ కంపెనీవాళ్లు ఒక్కరు మీ వీధిలోకి వచ్చి ఒక్క ముక్క చూస్తే చాలు, పేటెంటూ పోతుంది, పరువూ పోతుంది. అది సరే, నాకు అసలు కారణం వేరే ఉంది. నువ్వు రెండేళ్లు ఆ అద్దం తుడుచుకుని పదిమందికి చూపించుకున్నావు. అది ఎప్పుడూ అక్కడ లేదని నీ చేత రాయించడం నా వల్ల కాదు.

దయచేసి మూడు పనులు చెయ్యి. పరదా తీసేసి అత్తని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టు. అద్దాన్ని ముట్టుకోకు, ఎలా ఉందో అలాగే ఉండనీ, లాయరమ్మ మనిషిని పంపి ఫొటోలు తీయిస్తుంది. పెద్దసారు నుంచి కాగితమేదైనా వస్తే సంతకం పెట్టకు.

పేటెంటు ఏమవుతుందో తెలియదు. ఇవాళ మాత్రం అన్నం తిన్నాను.

బంక

మార్చి 9

అమ్మా బంకా,

నీ అయిదో తారీఖు ఉత్తరం నిన్న అందింది. అందిన కాసేపటికే మీ కంపెనీ మనిషి కారులో వచ్చాడు, చేతిలో కాగితంతో. సగం వినపడింది, సగం వినపడలేదు. "మీ మేనకోడలు పంపారు" అన్నది మాత్రం బాగా వినపడింది. కాగితంలో ఫిల్ము నా ఇంటి మేడ మీదే ఉందనీ, ఎవరికీ ఇవ్వలేదనీ ఉంది. చెయ్యమంటే చేస్తాను, ఎందుకని అడగను అని నీకు రాశాను కదా. సంతకం పెట్టేశాను.

అతను వెళ్లాక కూర్చుంటే నీ మాటే తిరిగింది, ఆ అద్దం అసలు లేకపోతే ఎంత బాగుండేదో అని. సరే, లేకుండా చేస్తే పోలేదా అనుకున్నాను. పరదా తీసి, మీ అత్తని లోపలికి పొమ్మని, పెద్ద సుత్తి తీసుకున్నాను. పాతవి తీసెయ్యడానికి ఈ చేతుల్తో ఎన్ని అద్దాలు పగలగొట్టానో. అన్నీ మర్యాదగా రాలాయి. ఇది రాలలేదు. మధ్యలో కొడితే అంచు దాకా నెర్రెలు పాకాయి గానీ ఒక్క పెంకు కింద పడలేదు. మళ్లీ కొట్టాను. మూలల్లో కొట్టాను. సుత్తి వెనక్కి తంతోంది. చెమటలు పట్టి ఆగి చూస్తే, ప్రతి నెర్రెకీ నెర్రెకీ మధ్య వీధి నీళ్లలో చూసినంత తేటగా ఉంది. మీ అత్త లోపలికి పోలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది. "చాలు, పిల్ల చేసిన వస్తువది" అంది. అప్పుడు సిగ్గేసింది.

ఇంక ఏం చెయ్యాలి? కాగితంలో మేడ అని ఉంది. సంతకం చేశాక అబద్ధం కాకూడదు కదా. ముక్కు మాస్టారు సుత్తి చప్పుడుకి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం ఫ్రేము విప్పి, ఆ అద్దం పలకని దుప్పట్లో పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ మేడెక్కించాం. ఇప్పుడు అది నీళ్ల ట్యాంకు పక్కన ఉంది, నువ్వు మొదట చెప్పిన చోటే. కొట్టు ముందర తడికె కట్టాను.

నీ పని అయినట్టేనా? ఒక్కమాట రాయి చాలు.

మామయ్య

మార్చి 14

మామయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్లిపోయినట్టున్నాయి. నాది ఇప్పటికి అంది ఉంటుంది. చదివి ఉంటావు. ఏమని రాయను?

నేను ఆ మనిషిని పంపలేదు. నువ్వు మేడ మీదకి మోయాల్సిన పనే లేదు. నీ ఉత్తరం చదువుతుంటే ఆ మెట్ల మీద మీ ఇద్దరు ముసలాళ్లూ కళ్లకి కట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ నా మాటకీ నీ సంతకానికీ పోటీ వచ్చింది. నిన్న పెద్దసారు, లాయరమ్మ, నేను కూర్చున్నాం. కొట్టు ముందర ఉందని నేనంటాను, మేడ మీద ఉందని కాగితం అంటుంది. పెద్దసారు చాలా నెమ్మదిగా, "అద్దం పెట్టినాయనే రాసిచ్చాక మధ్యలో మీరెవరండీ కాదనడానికి?" అన్నారు. ఈ పిల్ల ఎందుకో మన పని చెడగొట్టాలని చూస్తోంది అని కూడా అన్నారు, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే. లాయరమ్మ ఇద్దరి మొహాలూ చూసి, కాగితం ఇంకా ఎగ్జామినర్‌కి పంపలేదని, పది రోజులు ఆగుతానని చెప్పింది.

మామయ్యా, నీకు దాచకుండా రాస్తున్నాను. నువ్వు ఊరుకుంటే పేటెంటు రావచ్చు. నా పేరుంటుంది, విభాగం ఉంటుంది. నువ్వు కాదంటే నీ సంతకం అబద్ధమని నువ్వే నలుగురి ముందూ చెప్పుకోవాలి. ఇచ్చిన మాట నువ్వు వెనక్కి తీసుకోవడం నేను పుట్టి ఎరగను. నిన్ను అడగడానికి నాకు నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. లాయరమ్మ అడ్రసు వెనక రాశాను. వెళ్లి నిజం చెబుతావా?

బంక

మార్చి 23

అమ్మా,

చెప్పి వచ్చాను.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. మర్నాడు పొద్దున్న ఆవిడే కాఫీ గ్లాసు ముందర పెట్టి, "వెళ్లేటప్పుడు ఆ పలక తీసుకెళ్లండి. మీరు చెప్పేది వాళ్లకి అర్థం కాకపోయినా అది అర్థమవుతుంది" అంది. ముక్కు మాస్టారుతో మళ్లీ మేడెక్కి, దాన్ని దింపి, ఆ పరదాలోనే చుట్టి తాడు కట్టాం. బస్సులో నిలువుగా పెట్టుకుని దారంతా పట్టుకునే ఉన్నాను. కండక్టరు తట్టి చూసి, పగిలిన అద్దం మోసుకెళ్తున్నావేంటి తాతా అని నవ్వాడు. అతుకు చూపించడానికి అన్నాను.

లాయరమ్మ మంచి మనిషి. నా చెవి సంగతి తెలిసి అడిగినవన్నీ పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. పలకని ఆవిడ బల్ల మీద పరిచి విప్పాను. అన్ని మెట్లు ఎక్కి దిగి, బస్సెక్కి వచ్చినా ఒక్క పెంకు ఊడలేదు. ఆవిడ కళ్లజోడు తీసి అంచు మీద కన్ను పెట్టి చూసింది. నువ్వే నేర్పి ఉంటావు. అప్పుడు చెప్పాను. ఇది పగిలే రోజుదాకా మేడ చూడలేదమ్మా, నా కొట్టు ముందర ఉంది, ముక్కలు నా చేత్తో పంచాను, సంతకం నాదే, రాసింది అబద్ధం అని. ఆవిడ ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టింది. అక్కడే చింపాను.

లాయరమ్మ ఉండే ఊరు నీకు రెండు గంటల దూరమేనట, వెళ్లి చూసి రమ్మంది. నేను రాలేదు. పదిమందికీ చూపిస్తే నీ పేరు నిలబడుతుందనుకున్నాను బంకా. నేనే తుడిచేశాను. ఈ మాట ఎదురుగా అనలేక రాస్తున్నాను.

పలక ఆవిడ దగ్గరే ఉంది. కొట్టు ముందర ఇంకా తడికే. మీ అత్త దానికో కన్నం చేసుకుని వీధి చూస్తోంది.

మామయ్య

ఏప్రిల్ 18

మామయ్యా,

అత్తకి తడికె కన్నంలోంచి ఏం కనబడుతుంది, బస్సు చక్రాలా? ముందు దాని సంగతి చూడు.

ఫిల్ము మీద అడిగిన పేటెంటు కంపెనీ వెనక్కి తీసుకుంది. లాయరమ్మ ఒక దారి పట్టుకుంది. అద్దం చూసినా, ముక్క కోసినా ఫిల్ముని ఎలా చల్లార్చామో ఎవరికీ తెలియదు కదా, ఆ పద్ధతికి మాత్రం అడుగుతోంది. సాక్ష్యంగా నువ్వు మోసుకెళ్లిన పలకనే పెట్టింది. ఎప్పటి నుంచి ఎక్కడ ఉందో, ఎవరు పగలగొట్టారో అంతా ఉన్నదున్నట్టు రాసి పెట్టింది. అది వస్తుందో రాదో చెప్పలేను. ఎదుటివాళ్ల ఫ్యాక్టరీలోకి వెళ్లి ఎలా చల్లారుస్తున్నారో ఎవరు చూస్తారు, దానికి విలువేముంది అని పెద్దసారు పెదవి విరిచారు.

విభాగం మూసేశారు. నన్ను ప్యాకింగ్ తనిఖీకి వేశారు. అట్టపెట్టెల మీద టేపు సరిగ్గా అంటిందా లేదా అని చూస్తున్నాను. జిగురు నన్ను వదల్లేదు చూశావా. మిగతావాళ్లు నాతో మాట్లాడుతున్నారు, ఒకావిడ తప్ప. ఆవిడని నేను తప్పు పట్టను. మొదటి వారం రోజూ ఏడ్చాను. ఇప్పుడు రోజూ లేదు.

నా పేరు తుడిచేశానని రాశావు. రెండు రోజులు నేనూ అలాగే అనుకున్నాను, నీ మీద కోపం కూడా వచ్చింది. తర్వాత లాయరమ్మ నన్ను పిలిచి ఆ పలక చూపించింది. అన్ని దెబ్బలు కొట్టావు, ఒక్కటి ఊడలేదు. నేను చేసినదాన్ని నాకంటే గట్టిగా పరీక్ష చేసింది నువ్వే. ఇక ఆ మాట మళ్లీ రాయకు.

పాత నమూనాలన్నీ పెట్టెల్లో పెట్టి సీలు వేసి గోదాములో పడేశారు. అందరూ చేసుకోగలిగినదానికి కంపెనీ మిషన్ ఇవ్వదట, ఇక ఆ ఫిల్ము చెయ్యరు. మంచం కింద సగం చుట్ట ఉందన్నావు కదా. ముందు అత్తకి అద్దం బిగించు. గడియారాలాయన ముక్క ఆయనకి ఇచ్చెయ్యి, ఒకమాట మెత్తగా చెప్పి ఇవ్వు. ముక్కు మాస్టారికి ఒకటి ఇవ్వు, ఆయన అద్దాల మనిషి కాకపోయినా ముక్కుతో సంపాదించుకున్నాడు. మిగిలింది కోసి ఎవరడిగితే వాళ్లకి పంచు. నేనే చేశానని చెప్పు, ఎంతమందికి చెప్పినా ఇప్పుడు పోయేదేమీ లేదు.

నాకూ చెయ్యంత ముక్క ఒకటి పంపు మామయ్యా. మీ ఊళ్లో ప్రతి కొట్టులోనూ ఉంది, నా దగ్గరే లేదు.

నీ బంక